ఖరీదైన వాచీతో విదేశాలకు వెళ్లే పెద్దలు దొంగల బారిన పడకుండా ఏం చేయాలి?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లి వచ్చే పెద్దలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వారి పిల్లల నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఒకటుంది: “షష్టిపూర్తికి పెట్టిన రోలెక్స్‌ను నాన్నగారు చేతి నుంచి తీయనంటున్నారు, దానితోనే స్పెయిన్‌కు తీసుకువెళ్లవచ్చా?” వాచీ పోయిన తరువాత అడిగేవారు కూడా ఉన్నారు, కానీ అప్పటికి చేయగలిగినది బాగా తగ్గిపోయి ఉంటుంది. అందుకే ప్రయాణానికి ముందు చేయవలసినవాటికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఈ దొంగతనాల తీరు క్లుప్తంగా ఇది. స్పెయిన్‌లోని కోస్తా దెల్ సోల్, కోస్తా బ్లాంకా తీరాల్లోనూ, ఫ్రాన్స్ దక్షిణ తీరంలోనూ ఉద్యోగ విరమణ చేసి స్థిరపడిన విదేశీ వృద్ధులు ఎక్కువ. అక్కడ దొంగలు ఒంటరిగా నడిచే పెద్దవారిని ఎంచుకుని, ఏదో ఒక మిషతో మాట కలిపి, ఆప్యాయంగా చేయి పట్టుకుని లేదా కౌగిలించుకుని వాచీ విప్పుకుపోతారు. బార్సిలోనా, లండన్ వంటి మహానగరాల్లో బలవంతంగా లాక్కునే ముఠాలు కూడా ఉన్నాయి. రోలెక్స్, పటెక్ ఫిలిప్, ఆడెమార్ పిగే వంటి వాచీలు చేతిలో ఇమిడిపోయేంత చిన్నవి, కాగితాలు లేకపోయినా కొనేవారు దొరుకుతారు, దూరం నుంచి చూసి కూడా గుర్తుపట్టవచ్చు. దొంగకు కావలసినవి ఈ మూడే.

కావలసినవి

వాచీ కొన్న బిల్లు, వారంటీ కార్డు, పాస్‌పోర్టు నకలు, మంచి కెమెరా ఉన్న ఫోను, నమ్మకమైన వాచీ మెకానిక్ దగ్గర పది నిమిషాల పని, బీమా పాలసీ పూర్తి పాఠం (మొదటి పేజీ ఒక్కటే సరిపోదు), రోజూ కట్టుకోవడానికి ఒక మామూలు వాచీ, సాధన కోసం ఇంట్లో ఒక మనిషి. పెట్టె, వారంటీ కార్డు ఇంట్లోనే ఉండాలి. వాచీతోపాటు కార్డు కూడా దొంగ చేతికి చిక్కితే ఆ వాచీకి అతను మరింత ధర రాబట్టుకుంటాడు.

1. వాచీ ప్రయాణం చేయాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెళ్లికో, పెద్ద విందుకో తప్ప దానిని తీసుకువెళ్లవద్దు. బ్యాంకు లాకరులో పెట్టి వెళ్లండి. అయితే లాకరు గురించి ఒక విషయం తెలిసి ఉండాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి 1 నుంచి, అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటి సందర్భాల్లో బ్యాంకు చెల్లించవలసిన మొత్తం లాకరు వార్షిక అద్దెకు వంద రెట్లకు పరిమితం. అద్దె రెండు వేల రూపాయలైతే అది రెండు లక్షలు. వాచీ విలువ అంతకు మించితే మిగిలిన భాగానికి విడిగా బీమా ఉండాలి. బ్యాటరీతో నడిచే వాచీని నెలల తరబడి లాకరులో ఉంచేటట్లయితే బ్యాటరీ తీయించి పెట్టండి, అది కారితే లోపలి యంత్రం పాడవుతుంది.

ప్రయాణానికి చేతికి ఒక టైటాన్ కట్టుకోండి. ఇంట్లో పాత హెచ్‌ఎంటీ నడుస్తూ ఉంటే మరీ మంచిది, చూసినవారు దాని వెంట పడరు.

హెచ్చరిక: అసలుది ఇంట్లో పెట్టి నకిలీ రోలెక్స్ కట్టుకు వెళదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది రెండు విధాలా ప్రమాదం. దొంగకు దూరం నుంచి అసలుకూ నకిలీకీ తేడా తెలియదు కాబట్టి దెబ్బలు మీకే తగులుతాయి. పైగా ఫ్రాన్స్, ఇటలీ వంటి దేశాల్లో నకిలీ బ్రాండు వస్తువులను కస్టమ్స్ వారు స్వాధీనం చేసుకోవచ్చు, జరిమానా కూడా వేయవచ్చు.

2. వాచీ గుర్తింపును నమోదు చేసి పెట్టుకోండి.

వాచీ తీసుకువెళ్లినా, లాకరులో పెట్టినా ఈ పని తప్పదు. ప్రతి ఖరీదైన వాచీకి ఒక సీరియల్ సంఖ్య ఉంటుంది. పోలీసులు గానీ, బీమా కంపెనీ గానీ, పాత వాచీలు కొనే వ్యాపారి గానీ మీ వాచీని అలాంటి మరొక వాచీ నుంచి వేరుగా గుర్తించగలిగేది ఆ సంఖ్యతోనే. సుమారు 2008 తరువాత తయారైన రోలెక్స్‌లలో అది అద్దం కింద, డయల్ చుట్టూ ఉండే లోపలి అంచు మీద 6 దగ్గర చెక్కి ఉంటుంది. అంతకు ముందువాటిలో 6 వైపున చైను కేసుకు (వాచీ బయటి చట్రానికి) కలిసే చోట ఉంటుంది, చైను విప్పితేనే కనిపిస్తుంది. మోడల్ సంఖ్య 12 వైపున అదే విధంగా ఉంటుంది. మరికొన్ని కంపెనీలు సంఖ్యను వెనుక మూత మీద వేస్తాయి. చైను మీరే విప్పవద్దు, గీతలు పడతాయి. మెకానిక్ చేత విప్పించి, ఆయన ముందే ఫోటో తీసుకోండి.

ఫోటోలు ఈ వరుసలో తీయండి: డయల్, వెనుక మూత, సీరియల్ సంఖ్య, చైను లాకు, చివరగా మీ వాచీకే ప్రత్యేకమైన గీతలు, సొట్టలు, పేర్లు. అల్లుడు వెనుక మూత మీద తేదీ చెక్కించి ఉంటే దానిని దగ్గరగా తీయండి, అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

సరిచూసుకోవడం: ఫోటో చూసి మీ మనవడు సీరియల్ సంఖ్యను తప్పు లేకుండా కాగితం మీద రాయగలగాలి. ఆ సంఖ్య వారంటీ కార్డులోని సంఖ్యతో అక్షరం అక్షరం కలవాలి. సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ, ఒకటికీ ‘ఐ’ అక్షరానికీ మధ్య పొరబాటు తరచుగా జరుగుతుంది. ఫోటోలు మీ ఒక్కరి ఫోనులోనే ఉంటే వాచీతోపాటు ఫోను పోయిన రోజున ఏమీ మిగలదు, కాబట్టి పిల్లలకు ఈమెయిల్‌లో పంపి, తెరుచుకుంటున్నాయో లేదో వారి చేత చూపించుకోండి.

3. బిల్లు మీది పేరును, పాస్‌పోర్టు మీది పేరును పోల్చి చూడండి.

ఒడిశాలోని తెలుగువారికి ఇది ప్రత్యేకంగా అవసరం. మనం ఇంటిపేరు ముందు రాస్తాము. ఇక్కడి బడి రికార్డుల్లో, కార్యాలయాల్లో అది చివరకు చేరుతుంది. దుకాణదారు పొడి అక్షరంతో సరిపెడతాడు. ఒకే మనిషికి మూడు కాగితాల్లో మూడు పేర్లుంటే బీమా కంపెనీ మొదట ఆపేది అక్కడే. బిల్లు కొత్తదైతే దుకాణంలో సరిచేయించండి. పాతదైతే ఆ పేర్లన్నీ ఒకరివేనని నోటరీ వద్ద ప్రమాణపత్రం చేయించి దగ్గర పెట్టుకోండి. వాచీ బహుమతిగా వచ్చినదైతే బిల్లు కొడుకు పేరునో అల్లుడి పేరునో ఉంటుంది. వారు సంతకం చేసిన ఒక చిన్న లేఖ చాలు: ఫలానా సీరియల్ సంఖ్య గల వాచీని ఫలానా తేదీన ఫలానా వారికి బహుమతిగా ఇచ్చాను అని.

4. బీమా పాలసీని మినహాయింపుల పేజీ నుంచి చదవండి.

ప్రయాణ బీమా ఉంది కదా అన్న ధైర్యంతో వెళ్లడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. చాలా ప్రయాణ పాలసీల్లో నగలు, వాచీలు అసలు చేరవు, చేరినా ఒక్కో వస్తువుకు చిన్న పరిమితి ఉంటుంది. కంపెనీకి ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ ప్రశ్న ఇలా ఉండాలి: “ఈ వాచీ, ఈ విలువ, ఈ దేశంలో, నా చేతికి ఉండగా, బలప్రయోగం లేకుండా మాయచేసి తీసుకుపోతే పాలసీ వర్తిస్తుందా?” చివరి మాటలు వదిలిపెట్టవద్దు. కౌగిలి దొంగతనంలో తాళం పగలదు, దెబ్బ తగలదు, అలాంటి దానికి చెల్లించని పాలసీలు ఉన్నాయి. ప్రత్యామ్నాయంగా, గృహ బీమాలో విలువైన వస్తువులకు విడిగా రక్షణ ఇచ్చి, దానిని విదేశాలకు కూడా విస్తరించే వీలు మీ కంపెనీలో ఉందేమో అడగండి.

5. తీసుకువెళ్లక తప్పకపోతే కస్టమ్స్ పత్రం తీసుకోండి.

దేశం దాటే విమానాశ్రయంలోని కస్టమ్స్ కౌంటరులో వాచీని, బిల్లును చూపి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ అడగండి. తిరిగి వచ్చేటప్పుడు ఇది విదేశంలో కొన్నది కాదని చూపడానికి అదే ఆధారం. తిరిగి వచ్చాక అడిగితే ఉపయోగం లేదు. భువనేశ్వర్ నుంచో విశాఖపట్నం నుంచో దేశీయ విమానంలో ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్ వెళ్లి అక్కడ అంతర్జాతీయ విమానం ఎక్కేవారు మధ్యలో ఈ పనికి వ్యవధి ఉంచుకోవాలి.

6. వాచీ చేతికి ఎంత గట్టిగా ఉందో పరీక్షించండి.

వయసుతోపాటు మణికట్టు సన్నబడుతుంది, చైను మాత్రం షష్టిపూర్తి నాటి కొలతలోనే ఉంటుంది. చైనుకూ చేతికీ మధ్య చిటికెన వేలు సులువుగా తిరుగుతుంటే ఒకటి రెండు లింకులు తీయించండి. లాకు మీద అదనపు మడత ఉన్నది మేలు, దానిని విప్పాలంటే రెండు కదలికలు కావాలి. తోలు పట్టీ అయితే కేసుకు కలిపే పిన్నులను మార్పించండి.

ఇప్పుడు పరీక్ష. మనవడినో మనవరాలినో పిలిచి, మిమ్మల్ని కౌగిలించుకుంటూ వాచీ విప్పమనండి. వాచీ ఎంత త్వరగా వారి చేతికి వస్తుందో ఒకసారి స్వయంగా చూస్తే, అనుభవం ఉన్న దొంగకు ఎంతసేపు పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. వాచీ తీసుకువెళతానని పట్టుబట్టే పెద్దలు మనసు మార్చుకోవడానికి నేను చూసినంతలో వాదన కంటే ఈ పరీక్షే బాగా పనిచేస్తుంది.

7. వీధిలో చేయి దూరం పాటించండి.

ఈ దొంగలు వాడుకునేది పెద్దవారి మర్యాదను. ఎవరైనా దారి అడిగితే ఆగి చెప్పడం, చేయి అందిస్తే పట్టుకోవడం, దగ్గరికి వస్తే విదిలించుకోకపోవడం మనకు చిన్ననాటి నుంచి అలవాటైన నడత. బరంపురం బజారులో ఆ నడత సరైనదే. తెలియని దేశంలో, తెలియని మనిషి దగ్గర, మీరు ఆగకపోతే ఎవరికీ అవమానం జరగదని ముందే మనసుకు చెప్పుకోండి.

సాధారణంగా ఎదురయ్యే ఎత్తులు ఇవి. ఒక యువతి దారి అడుగుతుంది, చెప్పగానే కృతజ్ఞతగా కౌగిలించుకుంటుంది. కొద్ది దూరంలో కారు సిద్ధంగా ఉంటుంది. అట్ట మీద బిగించిన కాగితం చూపి, బధిరుల కోసమో పేదల కోసమో సంతకం అడుగుతారు. ఆ అట్ట మీ మణికట్టును మీ కంటికి కనబడకుండా చేస్తుంది. సూపర్ మార్కెట్ పార్కింగులో సామాను సర్దుతుంటే సాయం చేస్తామని వస్తారు, లేదా టైరులో గాలి పోయిందని చూపుతారు. బ్రిటన్‌లో మన దేశపు వృద్ధ స్త్రీలను ఎంచుకుని, దీవిస్తున్నట్లు మెడలో గిల్టు గొలుసు వేస్తూ అసలు బంగారం తీసుకుపోయే పద్ధతి గురించి అక్కడి పోలీసులు హెచ్చరించారు. కాబట్టి ఈ జాగ్రత్త నాన్నగారికి ఎంతో అమ్మగారికీ అంతే.

కారులో ఇంకొకటి ఉంది. ఇటలీలో ఇది పాత ఎత్తు. స్కూటరు మీద వచ్చినవాడు కారు పక్క అద్దాన్ని తట్టి మడతపెట్టి పోతాడు. అద్దం సరిచేయడానికి డ్రైవరు చేయి బయట పెట్టగానే వెనుక వచ్చిన రెండోవాడు వాచీ లాగేస్తాడు. మన దేశంలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి వాచీ ఉన్న ఎడమ చేయి కారు లోపలి వైపే ఉంటుంది. ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్‌లలో స్టీరింగు ఎడమవైపు, అంటే వాచీ సరిగ్గా కిటికీ పక్కకు వస్తుంది. అద్దం మడతపడితే కిటికీ దింపకుండా ముందుకు పోయి, జనం ఉన్న చోట ఆపి సరిచేయండి.

ఇంట్లో చేయవలసిన సాధన: ఎవరినైనా కాగితం పట్టుకుని మీ ముందుకు రమ్మనండి. మీరు ఒక అడుగు వెనక్కి వేయాలి, రెండు చేతులూ మీ ఛాతీ దగ్గరికి తీసుకోవాలి, గట్టిగా “నో” అనాలి, నడక ఆపకూడదు. ఈ నాలుగూ ఆలోచించకుండా వచ్చేవరకు చేయండి. చేతులు జోడించి నమస్కారం పెట్టడం కూడా మంచి ఉపాయమే. మర్యాద నిలుస్తుంది, రెండు చేతులూ మీ అధీనంలో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు వెనక్కి అడుగు వేయడం కంటే పక్కనున్న గోడకో దుకాణం అద్దానికో వీపు ఆనించి నిలబడడం మంచిది.

ఇక్కడ జరిగే పొరపాట్లు కొన్ని. వాచీని చొక్కా చేతి కింద దాచి, ఎవరైనా టైము అడిగితే చేయి పైకెత్తి చూపడం. టైము అడిగితే ఫోనులో చూసి చెప్పండి, లేదా తెలియదనండి. విందు నుంచి ఇంటికి నడిచి వెళ్లడం. వాచీ కట్టుకున్న రాత్రి కారు గుమ్మం నుంచి గుమ్మానికి ఉండాలి. విహారంలో ఉండగానే వాచీ కనిపించే ఫోటోలను చోటు పేరుతో సహా పెట్టడం. అవి ఊరికి వచ్చాక పెట్టుకోవచ్చు.

సరిచూసుకోవడం: తెలియని మనిషి తాకిన ప్రతిసారీ, అది ఎంత నిరపాయంగా అనిపించినా, వెంటనే మణికట్టు, మెడ, జేబు తడిమి చూడండి. చేతికి ఏదో తగులుతోంది కదా అని ఊరుకోవద్దు, కంటితో చూడండి.

8. బలవంతం చేస్తే ఇచ్చివేయండి.

ఇందులో రెండో మాట లేదు. లాక్కునే ముఠాల దగ్గర కత్తులుంటాయి, వెనుక మోటారు సైకిలు ఉంటుంది. డెబ్బై ఏళ్ల మనిషి పెనుగులాటలో పడితే తుంటి ఎముక విరగవచ్చు, తల నేలకు తగలవచ్చు. వెంటపడవద్దు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు తలకు చిన్న దెబ్బ తగిలినా, నొప్పి లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఆ మందు పేరు చెప్పాలి. పోలీసు స్టేషను ఆ తరువాతే.

9. పోయిన వెంటనే అక్కడే ఫిర్యాదు చేయండి.

ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలో అత్యవసర నంబరు 112. బ్రిటన్‌లో 999, అత్యవసరం కాని ఫిర్యాదులకు 101. అమెరికాలో 911. ఊరికి వచ్చాక ఇక్కడి స్టేషనులో రాయిద్దామని వాయిదా వేయడం పెద్ద తప్పు. కొత్త నేర ప్రక్రియ చట్టంలోని జీరో ఎఫ్‌ఐఆర్ మన దేశంలో ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వడానికి ఉద్దేశించినది. స్పెయిన్‌లోని మలగాలో వాచీ తీసుకుపోయిన వ్యక్తిని వెతకడానికి అది పనికిరాదు. బీమా కంపెనీలు కూడా నేరం జరిగిన చోటి పోలీసు పత్రాన్నే, చాలా సందర్భాల్లో 24 గంటల లోపు ఇచ్చినదాన్నే అడుగుతాయి.

ఫిర్యాదులో సీరియల్ సంఖ్య, విలువ, చోటు, సమయం, దొంగ వచ్చిన వాహనం, మీకు తగిలిన దెబ్బ అన్నీ ఉండాలి. స్పెయిన్ చట్టంలో బలప్రయోగంతో చేసిన దొంగతనం, అది లేకుండా చేసినది వేరు వేరు నేరాలు. రెండో రకంలో వస్తువు విలువ 400 యూరోలు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి నేరం తీవ్రత మారుతుంది. అందువల్ల చేయి మెలితిప్పి ఉంటే ఆ మాట తప్పకుండా రాయించండి. జరగనిది మాత్రం చేర్చవద్దు. భాష రాకపోతే దుబాసీని అడగండి, చదివి వినిపించకుండా సంతకం చేయవద్దు. స్టేషను నుంచి బయటికి వచ్చే ముందు ముద్ర వేసిన నకలు చేతిలో ఉందా, సీరియల్ సంఖ్య సరిగా పడిందా చూసుకోండి. బ్రిటన్‌లో క్రైమ్ రిఫరెన్స్ నంబరు ఇస్తారు, దానిని రాసుకోండి. పాస్‌పోర్టు కూడా పోయి ఉంటే భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. వారిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో స్వదేశానికి తిరిగి రావచ్చు. వాచీని వెతికిపెట్టడం వారి పని కాదు.

10. సీరియల్ సంఖ్యను దొంగ సొత్తుల జాబితాల్లో చేర్పించండి.

లండన్‌లోని వాచ్ రిజిస్టర్ పోయిన వాచీల వివరాలు నమోదు చేస్తుంది. పాత వాచీలు కొనే వ్యాపారులు అందులో సరిచూసుకుంటారు. విలాస వస్తువుల సంస్థ రిష్‌మాంట్ 2023లో ప్రారంభించిన ఎన్‌క్వైరస్ అనే జాబితాలో ఏ కంపెనీ వాచీనైనా ఉచితంగా నమోదు చేయవచ్చు. వాచీ తయారుచేసిన కంపెనీకి కూడా పోలీసు పత్రం జతచేసి రాయండి, సర్వీసుకు వచ్చినప్పుడు దొరికే అవకాశం ఉంటుంది. ఏళ్ల తరువాత బయటపడే వాచీలు ఉన్నాయి కనుక కాగితాలను పారేయవద్దు.

ఎక్కడైనా అమ్మకానికి పెట్టిన ప్రకటనలో మీ వాచీ కనిపిస్తే అమ్మేవారితో మాట్లాడవద్దు, ఆ పేజీ చిత్రం తీసి ఫిర్యాదు సంఖ్యతో పోలీసులకు పంపండి. బీమా కంపెనీ అప్పటికే పూర్తి సొమ్ము చెల్లించి ఉంటే ఆ వాచీ మీద హక్కు సాధారణంగా కంపెనీకి పోతుంది. షష్టిపూర్తి గుర్తుగా అది మీకే కావాలనుకుంటే, తీసుకున్న సొమ్ము తిరిగి కట్టి వాచీని తెచ్చుకునే వీలు ఉందో లేదో క్లెయిము కాగితాల మీద సంతకం చేసే ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.